హద్దు తేలని జ్వరం

కొమరవరం పెద్దాసుపత్రిలో జ్వరాన్ని రద్దు చేసి అప్పటికి నాలుగు నెలలైంది. ఆ సంగతి తెలియక జ్వరం తెచ్చుకున్నవాళ్ళలో కాజాల గవర్రాజు ఒకడు.

రద్దు చేసింది సూపరింటెండెంటు పరాంకుశంగారు. ఆయన ఎక్కడో పదిరోజుల సదస్సుకు వెళ్ళి, చేతిలో ఒక పట్టా, బుర్రలో ఒక ఆలోచన పెట్టుకుని తిరిగొచ్చారు. లోకమంతా స్పెషలిస్టుల కోసం పరుగులు తీస్తుంటే మనం ఇంకా 'జనరల్' అని బోర్డు పెట్టుకుని కూర్చోవడం నామోషీ అని ఆయనకు తోచింది. తోచిందే తడవు జనరల్ ఓపీకి తాళం వేయించారు. అందులో ఉన్న ఒక్కగానొక్క డాక్టరమ్మ సుగుణరత్నాన్ని దుప్పట్ల స్టోరుకు ఇన్‌చార్జిగా వేశారు. ఒంట్లో ఉన్న ప్రతి భాగానికీ ఒక గది, గదికొక స్పెషలిస్టు, స్పెషలిస్టుకొక రబ్బరు స్టాంపు ఏర్పాటయ్యాయి. ఆఖర్న ఒక ఉత్తర్వు వెలువడింది: "జ్వరము వ్యాధి కాదు, లక్షణము మాత్రమే. కావున ఏ అవయవమునకు చెందినదో తేలని జ్వరమును ఈ వైద్యశాలయందు జ్వరముగా గుర్తించుట సాధ్యపడదు." దానికి అద్దం కట్టించి గుమ్మానికి వేలాడదీశారు. ఊళ్ళో పెద్దలు వచ్చి చప్పట్లు కొట్టి, టీ తాగి వెళ్ళారు. జ్వరం మాత్రం ఎవరూ చెప్పకపోవడం వల్ల ఊళ్ళో యథాప్రకారం తిరుగుతూనే ఉంది.

గవర్రాజు భార్య త్రిపురమ్మకు ఈ గొడవలేమీ తెలియవు. ఆవిడకు తెలిసిందల్లా, ఆరు రోజులుగా మొగుడు అన్నం మానేశాడని. పెళ్ళైన పాతికేళ్ళలో అతను కంచంలో మెతుకు వదలగా ఆవిడ చూడలేదు. ఇప్పుడు మధ్యాహ్నం దాటేసరికి వణుకు, సాయంత్రానికి ఒళ్ళు పెనంలా కాలిపోవడం, తెల్లారేసరికి పక్క తడిసి ముద్దయ్యేలా చెమటలు. సందు చివర మందుల కొట్లో ఇచ్చిన బిళ్ళ వేస్తే రెండు గంటలు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదటికొస్తోంది. బనీను భుజాల మీంచి జారిపోతోంది. కాజాల పాకం పొయ్యి చల్లారి ఆరు రోజులైంది. త్రిపురమ్మకు నోరు పెద్దదే గానీ గుండె చిన్నది. ఈ మనిషి నాకు దక్కుతాడా అని లోపల దడ పట్టుకుంది. అది పైకి కనపడకుండా మొగుణ్ణి నాలుగు తిట్లు తిట్టి ఆటో ఎక్కించింది.

"ఏ అవయవం?" అన్నాడు కౌంటర్లో గుమాస్తా కామేశం, తలెత్తకుండా.

"జ్వరమండి. ఆరు రోజుల్నించి."

"జ్వరం మా దగ్గర లేదమ్మా."

"మీ దగ్గర లేదు సరే, ఈయన దగ్గరుంది కదండి. అందుకే తీసుకొచ్చాను."

కామేశం తలెత్తి జాలిగా చూశాడు. రోజుకు వందమందికి ఇదే పాఠం చెప్పి చెప్పి అతనికి మేష్టారి ఓపిక అబ్బింది.

"జ్వరమన్నది ఒంటరిగా తిరగదమ్మా. దాని వెనకాల ఓ అవయవం ఉంటాది. అదేదో మీరు చెప్తే ఆ గదికి చీటీ రాసేస్తాను. చెప్పకపోతే రాయటానికి నా కాగితంలో గడి లేదు."

"అదేదో తెలిస్తే నేనే డాక్టర్నైపోదును కదండి బాబూ. తెలీకేగా ఇక్కడికొచ్చింది."

"అందరూ ఇదే అంటన్నారు," అని కామేశం ఒక ఫారం ముందుకు తోశాడు. దాని పేరు 'జ్వర స్వామ్య ప్రకటన'. "నాకు వచ్చిన జ్వరము నా ........ నకు చెందినదని మనస్సాక్షిగా ప్రకటించుచున్నాను" అని అచ్చేసి ఉంది. కింద ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి.

గవర్రాజు గోడకు జారగిలబడి, "నాకు ఒళ్ళంతా ఉంది బాబూ," అన్నాడు నీరసంగా.

"ఒళ్ళంతా అనే గది లేదండి."

వెనక వరసలో నాలుగు రోజులుగా తిరుగుతున్న ఒక పెద్దాయన త్రిపురమ్మ చెవి దగ్గరికి వంగి సలహా ఇచ్చాడు. "పిత్తాశయం అని రాసెయ్యమ్మా. అక్కడ ఫ్యాన్లు బాగా తిరుగుతాయి, లైనూ తక్కువే. గుండె జోలికి మాత్రం ఎల్లకండి, టోకెన్లు ఎప్పుడో అయిపోయాయి." అప్పుడు గమనించింది త్రిపురమ్మ. ఆ వరసలో ఎవరూ జబ్బును బట్టి అవయవం రాయడం లేదు. లైను పొడుగును బట్టి రాస్తున్నారు. మోకాలు నొప్పి ముసలమ్మ ఒకావిడ కూర్చోవడానికి కుర్చీలున్నాయని చెవుల విభాగానికి బయల్దేరింది.

ఎంతైనా కట్టుకున్నవాడి జ్వరం కదా, అబద్ధం రాయడానికి త్రిపురమ్మకు చెయ్యి రాలేదు. నిన్న రాత్రి మొగుడు రెండుసార్లు దగ్గిన సంగతి గుర్తు తెచ్చుకుని, ఊపిరితిత్తులు అని రాయించింది.

ఊపిరితిత్తుల స్పెషలిస్టు గవర్రాజు చేత చొక్కా గుండీ ఒకటి విప్పించి, గొట్టం పెట్టి విని, ఎంతో సంతోషించాడు. "మా తిత్తులు నిర్దోషులు," అని ప్రకటించి, చీటీ మీద 'మాది కాదు' అని స్టాంపు గుద్దాడు. ప్రతి గదిలోనూ అదే స్టాంపు. సిరా రంగు మాత్రం గదిని బట్టి మారుతుంది.

కాలేయం గదిలో డాక్టరుగారు నొచ్చుకున్నారు. "మా కాలేయాన్ని అనుమానించే ముందు కాస్త ఆలోచించాల్సింది," అని ఆకుపచ్చ స్టాంపు వేశారు. కళ్ళ డాక్టరు రెప్పలు ఎత్తి చూసి, నీళ్ళు కారుతున్న మాట వాస్తవమే గానీ అవి మా పరిధిలో పుట్టిన నీళ్ళు కావన్నాడు. కుడి మోకాలికీ ఎడమ మోకాలికీ విడివిడిగా స్పెషలిస్టులున్నారు. వాళ్ళిద్దరికీ మాటల్లేకపోవడం వల్ల గవర్రాజు రెండు రోజులు రెండుసార్లు రావాల్సొచ్చింది. చర్మం డాక్టరు మాత్రం మర్యాదస్తుడు. గవర్రాజు రెండు చేతులూ తిప్పి తిప్పి చూసి, "మోచేతుల వరకూ ఏమీ లేదండి," అన్నాడు.

"మోచేతులు దాటాక చూడరా అండి?" అంది త్రిపురమ్మ.

"ఆ పైది వేరే పోస్టమ్మా. ఖాళీగా ఉంది. భర్తీకి రాశాం."

ఇలా మూడు రోజులు కాళ్ళరిగేలా తిరిగారు. జ్వరం తొమ్మిదో రోజులో పడింది. చీటీ మీద పద్నాలుగు స్టాంపులు పడి హోలీ ఆడినట్టుంది. గవర్రాజు మాత్రం రోజురోజుకూ రంగు తగ్గిపోతున్నాడు. ఆటోలోంచి దిగడానికి త్రిపురమ్మ భుజం పట్టుకున్నాడు. ఆ చేతిలో బరువే లేదు. ఇంక ఊరుకుంటే లాభం లేదనుకుని, చీటీ గుప్పిట్లో నలుపుకుంటూ తిన్నగా సూపరింటెండెంటు గదిలోకి దూసుకుపోయింది.

"అయ్యా, పద్నాలుగు మంది మాది కాదన్నారు. అయితే ఇది ఎవరి జ్వరమండి? మీదా, నాదా?"

పరాంకుశంగారు చీటీ అందుకుని స్టాంపులన్నీ ఒక్కొక్కటే చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన ముఖం వికసించింది.

"అమ్మా, మీరు తెచ్చినది సామాన్యమైన కేసు కాదు. ఇన్ని విభాగములు ఏకగ్రీవముగా ఒక నిర్ణయమునకు వచ్చుట ఈ సంస్థ చరిత్రలో ఇదే ప్రథమము."

"నిర్ణయం సరేనండి, మందు ఏదండి?"

"తొందరపడరాదు. పథకములో లోపము లేదు. లోపమంతయు మీవారి దేహములో ఉన్నది. మేము అవయవములకు గదులు కేటాయించితిమి గాని, అవయవమునకు అవయవమునకు నడుమ గల ఖాళీ స్థలములను కేటాయించలేదు. జ్వరము అట్టి స్థలమును ఆక్రమించుకుని ఉండవచ్చును."

"ఆక్రమించుకుందో అద్దెకుందో నాకు తెలీదండి. ఖాళీ చేయించండి, చాలు."

"హద్దులు తేలనిదే ఖాళీ చేయించుట చట్టరీత్యా కుదరదు," అని పరాంకుశంగారు గంట కొట్టి, దేహ పునఃసర్వేకు ఉత్తర్వు డిక్టేటు చేశారు. తహశీల్దారు ఆఫీసు నుంచి సర్వేయరు అప్పలాచారిని డెప్యుటేషన్ మీద రప్పించమన్నారు. మనుషుల్ని కొలిచిన అనుభవం ఆయనకు లేదని గుమాస్తా గుర్తు చేశాడు. చెరువులు కొలిచాడు కదా అన్నారు పరాంకుశంగారు.

మర్నాడు మధ్యాహ్నం సమావేశ మందిరంలో పొడుగాటి బల్ల మీద గవర్రాజును పడుకోబెట్టారు. చుట్టూ పద్నాలుగు విభాగాల అధిపతులు కుర్చీలేసుకు కూర్చున్నారు. అప్పలాచారి పొలాలు కొలిచే గొలుసు బయట పెట్టి టేపు మాత్రం తెచ్చుకున్నాడు. నలభై ఏళ్ళ సర్వీసులో తాను కొలుస్తుంటే చక్కిలిగింతలు పుట్టే స్థలం ఇదే మొదటిదని కాస్త బెదురుగా ఉన్నాడు.

"తల ఉత్తరానికి పెట్టండి," అన్నాడు.

త్రిపురమ్మ ఒక్క ఉదుటున బల్ల దగ్గరికొచ్చింది. "ఏంటీ, బతికున్న మనిషిని ఉత్తరం తల పెట్టి పడుకోబెడతారా? మీ ఇంట్లో ఎవరినైనా అలా పడుకోబెట్టారా?"

"పటంలో ఉత్తరం ఎప్పుడూ పైనే ఉంటాదమ్మా. నేను పెట్టింది కాదు."

"ఉంటే ఉండనివ్వండి. మా ఆయన తల తూర్పుకే."

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి అధిపతులు కూడా మెత్తబడ్డారు. అరగంట చర్చించి బల్ల తిప్పారు. బల్ల తిప్పేసరికి పటం తిరిగింది, పటం తిరిగేసరికి ప్లీహంవారి హద్దు మూత్రపిండాలవారి వాటాలోకి వెళ్ళింది. దాని మీద మరో అరగంట గడిచింది. చివరికి అప్పలాచారి "ఈ దేహమందు ఉత్తరము లేదు" అని రిమార్కు రాసుకుని పని మొదలెట్టాడు.

బొడ్డును బెంచిమార్కుగా తీసుకున్నాడు. అక్కడినుంచి పైకీ కిందకీ టేపు లాగుతూ, అంకెలు బిగ్గరగా చదువుతూ, సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. గవర్రాజు పళ్ళు బిగబట్టి పడుకున్నాడు. కుడివైపు నడుం దగ్గరికొచ్చేసరికి టేపు మొలతాడుకు తగులుకుంది. మొలతాడు పక్కకు జరిపిన అప్పలాచారి ఉన్నపళాన ఆగిపోయాడు.

"రాయి దొరికిందండి," అన్నాడు.

అందరూ లేచి నిలబడ్డారు. మొలతాడు కింద, కందిగింజంత నల్లటి పెచ్చు ఒకటి ఉంది. చుట్టూ కాస్త ఎర్రబారింది. గవర్రాజుకు నొప్పీ లేదు, దురదా లేదు, అక్కడ అదొకటి ఉందన్న సంగతే తెలియదు.

"పాత హద్దురాయి," అని అప్పలాచారి తీర్మానించి, దాని చుట్టూ ఎర్రసుద్దతో గుండ్రంగా గీసి, పక్కన నంబరు వేశాడు. "ఇది ఏ విభాగం వాటాలో పడతాదో మీరే తేల్చుకోవాలండి."

ఆ క్షణం నుంచి ఆ పెచ్చు అనాథ అయిపోయింది. మొలతాడుకు పైన ఉంటే మాదే, కింద ఉంది కనుక కాదన్నారు పొట్టవారు. మాది లోపలి వ్యవహారం, పైపై వాటితో మాకు సంబంధం లేదన్నారు మూత్రపిండాలవారు. చర్మం డాక్టరు తన మోచేతులు చూపించి చేతులు జోడించాడు. పరాంకుశంగారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు.

"సదరు రాయిపై పది దినముల అనంతరము సంయుక్త తనిఖీ జరుగును. అంతవరకు దానిని ఎవరును తాకరాదు, తొలగించరాదు, చికిత్స చేయరాదు. యథాతథ స్థితి కొనసాగవలెను."

పదిహేను సంతకాలు పడ్డాయి. పదహారోది గవర్రాజుది. పెన్ను పట్టుకున్న చెయ్యి వణకడం మొదలెట్టింది. అప్పటికి నాలుగైంది. ఆఫీసు టైం అయిపోయింది కనుక అధిపతులు ఫైళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు. బల్ల మీద గవర్రాజు కాళ్ళు ముడుచుకుని కొట్టుకుంటుంటే బల్ల కూడా కదులుతోంది. త్రిపురమ్మ తన కొంగు కప్పింది. అది చాలలేదు. గది ఊడ్వడానికి వచ్చిన ఆయమ్మ చూసి, "ఎనకాల స్టోరుంది, దుప్పటి అడగండమ్మా, మంచావిడే," అంది.

దుప్పట్ల మూటల మధ్య ఒక బల్ల, బల్ల వెనక డాక్టర్ సుగుణరత్నం కూర్చుని ఉన్నారు. నాలుగు నెలలుగా ఆవిడ ఉతికినవి ఎన్ని, ఉతకాల్సినవి ఎన్ని అని రాసుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు. లోపలికొచ్చిన మనిషిని ఒక్కసారి చూసి, లేచి, దుప్పటి తానే కప్పి, తన కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఎన్నాళ్ళైందండి?"

త్రిపురమ్మ మొత్తం చెప్పింది. ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నారు. ఆ పది రోజుల్లో మొదటి నుంచి చివరిదాకా ఒకరు వినడం అదే మొదటిసారి.

"జ్వరం రాకముందు పొదల్లో గానీ, గడ్డిలో గానీ తిరిగారా?"

గవర్రాజు పళ్ళు టకటకలాడుతుంటే చెప్పాడు. "పొయ్యిలోకని... సరుగుడు తోటలో ఎండుపుల్లలు ఏరుకొచ్చానండి. ఇరవై రోజులైంది."

"చొక్కా విప్పండి. అన్నీ చూడాలి."

చంకలు చూశారు, మెడ వెనక చూశారు, నడుం దగ్గరికొచ్చి ఆగారు. "ఈ ఎర్రముగ్గు ఎవరేశారు?"

"సర్వేయరుగారండి. అది హద్దురాయంట. పది రోజులు ఎవరూ తాకకూడదన్నారు," అంది త్రిపురమ్మ.

సుగుణరత్నంగారు ఎంతో సేపు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆగాక త్రిపురమ్మ చెయ్యి పట్టుకుని చెప్పారు.

"ఇది పురుగు కుట్టిన మచ్చమ్మా. పొదల్లో కంటికి ఆననంత చిన్న పురుగుంటుంది. కుట్టినప్పుడు తెలియదు, తర్వాత ఇలా నల్లగా పెచ్చు కడుతుంది, జ్వరం పట్టుకుంటుంది. స్క్రబ్ టైఫస్ అంటారు. అశ్రద్ధ చేస్తే ప్రమాదమే. కానీ మందుంది, సమయానికే వచ్చారు. రక్తం పరీక్షకు పంపిస్తాను, మాత్ర మాత్రం ఇప్పుడే మొదలుపెడదాం."

త్రిపురమ్మ అక్కడే దుప్పట్ల మూట మీద కూలబడి భోరుమంది. పది రోజులుగా దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "పద్నాలుగు మందండి. ఒక్కరంటే ఒక్కరు ఎక్కడికెళ్ళావని అడగలేదండి. చొక్కా కూడా విప్పించలేదండి."

"వాళ్ళకి తలా ఒక ముక్క ఇచ్చారు కదమ్మా. నాకు దుప్పట్లిచ్చారు. దుప్పటి ఒళ్ళంతా కప్పాలి, అందుకని ఒళ్ళంతా చూశాను."

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఏ అవయవమూ లేని డాక్టరుకు మందుచీటీ రాసే అధికారం లేదు. సుగుణరత్నంగారు కాసేపు ఆలోచించి, దుప్పట్ల ఇండెంటు పుస్తకం తీశారు. "దుప్పటి - ఒకటి. సదరు దుప్పటికి అనుబంధముగా డాక్సీ మాత్రలు, రోజుకు రెండు చొప్పున, ఏడు రోజులకు" అని మూడు కాపీలు రాసి గుండ్రటి సీలు వేశారు. రక్తపరీక్ష కూడా దుప్పటి ఖాతాలోనే వెళ్ళింది. మందుల కౌంటర్లో అతను ఇండెంటును తిప్పి తిప్పి చూశాడు. మూడు కాపీలు ఉన్నాయి, సీలు ఉంది, ఏ గదిదీ 'మాది కాదు' అనే స్టాంపు లేదు. ఇంత సక్రమమైన కాగితం తాను ఈమధ్య చూడలేదని మెచ్చుకుని మాత్రలిచ్చాడు.

మూడో రోజు మధ్యాహ్నం వణుకు రాలేదు. త్రిపురమ్మ నమ్మలేదు. గంటకోసారి నుదురు మీద చెయ్యి వేసి చూస్తూనే ఉంది.

"ఊరికే తడుముతావేంటి త్రిపురా, ఆకలేస్తంది. ఆవకాయ కలిపి పెట్టు," అన్నాడు గవర్రాజు.

అతను రెండోసారి కలిపించుకుని, కంచం ఊడ్చి లేచేదాకా ఆవిడ ఎదురుగా కూర్చుని కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఎప్పుడూ ఆ తిండి చూసి సాధించేది. ఆరోజు ఒక్క మాట అనలేదు. వారం తిరిగేసరికి, తలంటు పోసుకుంటుండగా పెచ్చు దానంతటది రాలి నీళ్ళలో పోయింది.

పదో రోజు వీధిలో జీపు ఆగింది. పరాంకుశంగారు, పొట్టవారు, మూత్రపిండాలవారు, చర్మం డాక్టరు, టేపుతో అప్పలాచారి దిగారు. గవర్రాజు పాకం పొయ్యి ముందు కూర్చుని కాజాలు వేయిస్తున్నాడు. తనిఖీ కోసం లేచి బనీను ఎత్తాడు. మొలతాడు కింద లేతగులాబీ రంగు మచ్చ తప్ప ఏమీ లేదు.

"రాయి ఏది?" అన్నారు పరాంకుశంగారు.

"రాలిపోయిందండి. నీళ్ళు పోసుకుంటుంటే," అంది త్రిపురమ్మ.

"ఎవరి అనుమతితో?"

"అడిగి రాలలేదండి."

అప్పలాచారి ముఖం పాలిపోయింది. హద్దురాయి తొలగించుట ఎంత నేరమో అతనికి తెలుసు. అయినా గవర్రాజు ఆకులో పెట్టిన వేడి కాజా అందుకుని, ఒక పక్కగా నిలబడి, ఎవరి వైపూ చూడకుండా తిన్నాడు.

"జ్వరము సంగతి?" అన్నారు పరాంకుశంగారు.

"తగ్గిపోయిందండి. వారమైంది."

"ఏ విభాగములో తగ్గినది?"

"దుప్పట్ల విభాగంలోనండి."

అధికారులు నలుగురూ అరుగు మీద తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నారు. తర్వాత ఒక కాగితం తయారైంది. దాన్ని పరాంకుశంగారు నిలబడి, చెమట తుడుచుకుంటూ చదివి వినిపించారు.

"అవయవ నిర్ధారణకు పూర్వమే జ్వరము తగ్గుట నిబంధనలకు విరుద్ధము. దుప్పటి అవయవము కానందున సదరు తగ్గుదలను ఈ వైద్యశాల గుర్తించజాలదు. కావున రికార్డుల ప్రకారము శ్రీ గవర్రాజునకు నేటికిని జ్వరమున్నట్లే భావించవలెను."

"ఎన్నాళ్ళుంటుందండి?" అంది త్రిపురమ్మ.

"హద్దు తేలువరకు."

"అంటే ఈ జన్మకి అంతేనన్నమాట."

"అట్లు చెప్పుటకు వీలులేదు. సంఘము వేయుదుము. తెలిసినట్లు ఇక్కడ సంతకము చేయవలెను."

గవర్రాజు చిల్లుల గరిటె పట్టుకుని కాజాలు పాకంలోంచి తీస్తున్నాడు. నుదుటి మీద పట్టిన చెమట పొయ్యి సెగకు పట్టిన చెమట. త్రిపురమ్మ అటు ఒకసారి చూసి, పెన్ను అందుకుని, కాగితం కింద శుభ్రంగా పూర్తి పేరు రాసింది.

"మీ కాగితంలో జ్వరాన్ని మీరే ఉంచుకోండి," అంది కాగితం ఆయన చేతిలో పెడుతూ. "మా ఆయన్ని నేనుంచుకుంటాను."